తిరుపతి కోతులు మారుతున్నాయా, నేర్చుకుంటున్నాయా?

తిరుపతిలో బీఎస్సీ జువాలజీ చదువుతున్న విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "అలిపిరి మెట్ల దారిలో కోతులు నీళ్ల సీసా మూత తీసి తాగుతున్నాయి. సంచి చూస్తే చాలు, అందులో తినేది ఉందో లేదో పసిగడుతున్నాయి. మా హాస్టల్ ప్రహరీ మీద తొండలు మనిషి దగ్గరికొచ్చినా కదలడం లేదు. పట్నం వల్ల అడవి జంతువుల్లో ప్రకృతి వరణం జరుగుతోందని చెప్పడానికి వీటిని ఉదాహరణగా రాయవచ్చా? దీని మీద ప్రాజెక్టు చేయాలంటే ఎలా?"

పట్నాలు అడవి జీవుల మీద ప్రకృతి వరణం (నేచురల్ సెలక్షన్) జరిపిస్తున్నాయి, అందులో సందేహం లేదు. కానీ మీరు పట్టుకున్న కోతి దానికి సాక్ష్యం కాదు. తొండ సగం సాక్ష్యం. ఈ ఊళ్లోనే చాలాకాలం జువాలజీ పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ప్రకృతి వరణానికి మూడు కావాలి. ఒకే జాతిలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండాలి. ఆ తేడా జన్యువుల ద్వారా పిల్లలకు దిగాలి. ఆ తేడా వల్లే కొన్ని ఎక్కువ సంతానాన్ని మిగల్చాలి, కొన్ని తక్కువ. కోతి మూత తీయడంలో మొదటిది ఉంది. మూడోది ఉండొచ్చు. రెండోదే తేలలేదు.

ఈసారి మెట్లెక్కేటప్పుడు కాసేపు ఆగి చూడండి. పెద్ద ఆడకోతి సీసాను ఒళ్లో ఇరికించుకుని, మూతను పళ్లతో గట్టిగా పట్టి, చేత్తో సీసానే తిప్పుతుంది. పక్కన కూర్చున్న పిల్ల దాని మూతి దగ్గర మూతి పెట్టి చూస్తుంది. తరవాత పారేసిన ఖాళీ సీసా దొరికితే అదీ మూత దగ్గరే కొరకడం మొదలుపెడుతుంది. ఇది చదువు. తల్లి నుంచి పిల్లకు, ఒక గుంపు నుంచి పక్క గుంపుకు పాకుతుంది, దీనికి జన్యువు మారనక్కర్లేదు. బందీపూర్‌లో ఇవే జాతి కోతుల్ని గమనించి అద్వైత్ దేశ్‌పాండే, శ్రేజాతా గుప్తా, అనింద్య సిన్హా 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. మనిషి దగ్గర తిండి ఉంటే కోతులు ప్రత్యేకంగా ఒక కూత కూస్తూ, చేయి చాచి అడుగుతున్నాయని తేల్చారు. అడవిలో కోతికి కోతి అలా చేయి చాచి తిండి అడగదు. మనుషుల మధ్య బతకడంలో పుట్టిన అలవాటు అది. చాలా గొప్ప విషయమే, కానీ దాన్ని ప్రకృతి వరణం అనలేం.

ఇక్కడ చిన్న లెక్క కూడా వేసుకోండి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది. ఆడకోతి మొదటిసారి ఈనడానికి నాలుగైదేళ్లు పడుతుంది, ఒక్కో కాన్పులో ఒక్క పిల్లే. తరం అంటే ఆరేడేళ్లు అనుకున్నా, రోడ్డు పడ్డప్పటి నుంచి ఇప్పటికి పన్నెండు తరాలు. అదే మన ఇంటి డ్రమ్ములో పుట్టే దోమకు ఈ ఎండలో గుడ్డు నుంచి గుడ్డుకు మూడు వారాలు చాలు. ఈ ఎనభై ఏళ్లలో దానికి వెయ్యి తరాలు దాటాయి. పట్నం ఎవరి మీద ముందు పనిచేస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

కోతుల్లో వరణం బొత్తిగా లేదని కాదు. ధైర్యం, పిరికితనం లాంటి స్వభావాల్లో కొంత వంశపారంపర్యంగా వస్తుందని చాలా జంతువుల్లో తెలుసు. మనిషి చేతిలోంచి లాక్కునే కోతికి తిండి ఎక్కువ, పిల్లలు ఎక్కువ బతకొచ్చు. అదే కోతి బోనులో ముందు పడొచ్చు, బండి కింద ముందు పడొచ్చు. రెండు ఒత్తిళ్లు రెండు వైపులా లాగుతుంటే చివరికి ఎటు మొగ్గుతుందో, గుర్తుపట్టిన కోతుల్ని తరాల తరబడి వెంబడిస్తేనే తెలుస్తుంది. ఒక సెమిస్టర్ ప్రాజెక్టులో అయ్యే పని కాదు.

మరి నేర్చుకున్నదేదో, రక్తంలో వచ్చిందేదో విడదీసేదెలా? పరీక్ష ఒకటుంది. పట్నం నుంచీ అడవి నుంచీ గుడ్లో పిల్లలో తెచ్చి, ఒకే గదిలో, ఒకే తిండి మీద, ఒకే వెలుతురులో పెంచాలి. పెరిగాక కూడా తేడా మిగిలితే అది పుట్టుకతో వచ్చింది. తేడా చెరిగిపోతే అది పరిసరాలు దిద్దింది. పట్నపు పరిణామం గురించి ఏ వార్త చదివినా నేను ముందు వెతికేది ఈ పరీక్ష జరిగిందా అనే. మీరూ అదే వెతకండి.

జరిగిన చోట ఫలితాలు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. మన దగ్గర తొలకరి పడ్డ రాత్రి ట్యూబ్‌లైటు కింద ఉసిళ్లు ఎలా వచ్చి పడతాయో తెలుసు కదా. చిమ్మటలూ (ఇంగ్లీషులో మాత్‌లు) అంతే, దీపం చుట్టూ తిరిగి తిరిగి అలిసి చస్తాయి, లేదా బల్లి నోట్లో పడతాయి. అలా చచ్చేవి గుడ్లు పెట్టవు. అంటే తరాల తరబడి దీపాలున్న ఊళ్లో, దీపానికి అంతగా లోబడని చిమ్మటలే మిగలాలి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ప్రాంతంలో ఆల్టర్‌మాట్, ఎబర్ట్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. ఒక చిన్న తెల్ల చిమ్మట జాతి గొంగళిపురుగుల్ని వెలుతురు నిండిన పట్నాల నుంచీ, చీకటి పల్లెల నుంచీ ఏరి తెచ్చి, ఒకే చోట పెంచారు. రెక్కలొచ్చాక చీకట్లో ఒక దీపం పెట్టి వదిలారు. పట్నం నుంచి వచ్చినవి దీపం వైపు పోవడం దాదాపు 30 శాతం తక్కువ. 2016లో ఇది అచ్చయింది. ఆ చిమ్మటలు పెద్దయ్యాక వీధిదీపాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండలేదు.

రెండో ఉదాహరణ మీ ప్రహరీ తొండకు దగ్గరది. కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో అనోలిస్ అనే చెట్టుబల్లి ఉంది. అడవిలో గరుకు కొమ్మల మీద తిరుగుతుంది, పట్నంలో సున్నం, రంగు కొట్టిన నున్నటి గోడల మీద తిరగాలి. క్రిస్టిన్ వించెల్ బృందం మూడు పట్నాల్లో కొలిస్తే, పట్నపు బల్లుల కాళ్లు పొడుగ్గా ఉన్నాయి, వేళ్ల అడుగున పట్టునిచ్చే మడతలు ఎక్కువ ఉన్నాయి. ఆ బల్లుల పిల్లల్ని ల్యాబులో ఒకే రకంగా పెంచినా ఆ తేడా మిగిలింది. ఇది కూడా 2016లోనే వచ్చింది. ఆ తరవాత జన్యువులూ చదివారు, పట్నపు బల్లుల్లో వరణం ఆనవాళ్లు కనిపించాయి.

ఇక మన రాతి తొండ. చిత్తూరు, మదనపల్లె వైపు ఏ గుట్ట ఎక్కినా బండ మీద తలాడిస్తూ కనిపిస్తుంది, జతకట్టే కాలంలో మగదాని వీపు ఎర్రబారి పక్కలు నల్లబడతాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అనురాధా బటబ్యాల్, మరియా ఠాకర్ సరిగ్గా ఈ జాతి మీదే పనిచేశారు. దాక్కునే తావులు రెండు పెట్టి, అందులో ఏది క్షేమమో కనిపెట్టాల్సి వచ్చినప్పుడు, పట్నం శివార్ల తొండలు పల్లె బండల తొండల కన్నా త్వరగా నేర్చుకున్నాయని 2019లో రాశారు. నాకు చాలా ఇష్టమైన పరిశోధన ఇది, మన గుట్టల మీది జీవి మీద, మనకు రాత్రి బస్సు దూరంలో జరిగింది కాబట్టి. అయితే అవి బయట పెరిగాక పట్టి తెచ్చిన తొండలు. చిన్నప్పటి నుంచి మనుషుల మధ్య, కుక్కల మధ్య పెరగడం వల్ల చురుకయ్యాయా, చురుకైనవే మిగిలాయా అన్నది దాంతో విడివడదు. మీ హాస్టల్ తొండను సగం సాక్ష్యం అన్నది అందుకే. రోజూ వందమంది నడిచే చోట ప్రతిసారీ పరుగెత్తితే దానికి మేత దొరకదు, కాబట్టి కదలకుండా ఉండటం అలవాటు చేసుకుని ఉండొచ్చు. పుట్టుకతోనే బెదురు తక్కువ కావచ్చు. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

కొన్నిసార్లు గదిలో పెంచే వీలుండదు, అప్పుడు చచ్చినవాటిని కొలవాలి. అమెరికాలోని నెబ్రాస్కాలో చార్లెస్ బ్రౌన్, మేరీ బ్రౌన్ దంపతులు 1982 నుంచి ముప్పై ఏళ్లు ఒకే రోడ్ల మీద తిరుగుతూ, వంతెనల కింద గూళ్లు కట్టే స్వాలో పిట్టలు వాహనాలకు తగిలి ఎన్ని చచ్చాయో ఏరుకుంటూ వచ్చారు. పిట్టల సంఖ్య పెరిగింది, రోడ్డు మీద చచ్చేవి మాత్రం ఏటికేడు తగ్గాయి. రోడ్డు మీద దొరికిన వాటి రెక్కలు కొలిస్తే, మామూలుగా బతికున్న వాటి కన్నా పొడుగు. పొట్టి రెక్క ఉన్నది నేల మీది నుంచి నిట్టనిలువుగా లేచి, చటుక్కున పక్కకు మళ్లగలదు. ముప్పై ఏళ్లలో మొత్తం గుంపు సగటు రెక్కే కురచబడింది. ఇతర కారణాలూ తోడై ఉండొచ్చని వాళ్లే రాశారు, అయినా చచ్చినవీ బతికినవీ పక్కపక్కన పెట్టి చూపడంలో ఉన్న బలం వేరు. ఘాట్ రోడ్డులో చచ్చి పడి ఉన్న పామునో పిట్టనో చూసినప్పుడు నాకు ఆ కొలతలే గుర్తొస్తాయి.

మీరు పాఠంలో చదివిన ఇంగ్లండ్ మసి చిమ్మట గురించి రెండు మాటలతో సరిపెడతాను. మామూలుగా అది తెల్లది, ఫ్యాక్టరీల మసితో చెట్లు నల్లబడ్డ చోట నల్లదే పిట్టల కంటికి తక్కువ ఆనుతుంది. మాంచెస్టర్‌లో నల్లది మొదట 1848లో దొరికింది, 1895 నాటికి అక్కడ 98 శాతం నల్లవే. 1956లో గాలి శుభ్రతకు చట్టం వచ్చి పొగ తగ్గాక మళ్లీ తెల్లవి పెరిగాయి. మైకేల్ మజెరస్ కేంబ్రిడ్జ్‌లో కొన్నేళ్లపాటు చేసిన ప్రయోగంలో, పిట్టలు చెట్టు మీద తేలిగ్గా కనిపించేవాటినే ఎక్కువ ఏరుకు తింటున్నాయని తేలింది. ఆ నలుపు ఏ జన్యువులో దూరిన ఏ ముక్క వల్ల వచ్చిందో 2016లో దొరికింది. వరణం వెనక్కి కూడా తిరుగుతుందని చూపే ఇంత చక్కటి ఉదాహరణ ఇంకోటి లేదు.

నాకు ఎక్కువ ఆత్రం దోమ గురించే, ఎందుకంటే ఇది మన ఇంట్లోనే జరుగుతున్న విషయం.

డెంగీ మోసే ఈడిస్ ఈజిప్టై దోమ పూర్వీకులు ఆఫ్రికా అడవుల్లో చెట్టు తొర్రల నీళ్లలో పెరిగేవి, దొరికిన జంతువుల నెత్తురు తాగేవి. అక్కడ ఇప్పటికీ అలాంటివి ఉన్నాయి. ఆఫ్రికాలో 27 చోట్ల నుంచి గుడ్లు తెచ్చి, ల్యాబులో పెంచి, మనిషి వాసనా జంతువు వాసనా ఎదురుగా పెట్టి 2020లో ఒక బృందం పరీక్షించింది. మనిషి వైపు ఎక్కువ మొగ్గినవి రెండు రకాల చోట్లవి: ఎండాకాలం పొడుగ్గా, కఠినంగా ఉండే చోట్లవి, జనం కిక్కిరిసిన పట్నాలవి. వీటిలో ఎక్కువ బలం ఎండాకాలానిదే. కారణం ఊహించడం కష్టం కాదు. వాన లేని నెలల్లో తొర్రలు ఎండిపోతాయి, నీళ్లుండేది మనుషులు దాచుకున్న కుండల్లోనే. ఆ నీళ్ల పక్కన బతకాలంటే పుట్టుకతోనే మనిషి నెత్తురు వైపు మొగ్గే వంశమే నిలుస్తుంది. ఆ వంశమే ఓడలెక్కి ప్రపంచమంతా పరుచుకుంది.

ఇప్పుడు మన ఊరు చూడండి. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లు రోజూ రాని వీధుల్లో ప్రతి ఇంట్లో డ్రమ్ము, సంపు, మిద్దె మీద ట్యాంకు. ఆ దోమకు ఏ పరిసరం అచ్చొచ్చిందో సరిగ్గా దాన్నే మనం కట్టిపెట్టాం. దాని గుడ్లు డ్రమ్ము గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా చావవు, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే డ్రమ్ము వంచేస్తే సరిపోదు, లోపలి గోడ గట్టిగా రుద్ది కడగాలి. పైగా మనం రోజూ రాత్రి వెలిగించే కాయిల్, లిక్విడ్‌లలో ఉండేవి పైరెత్రాయిడ్ మందులు. వాటిని తట్టుకునే ఈడిస్ దోమలు మన దేశంతో సహా చాలా చోట్ల నమోదయ్యాయి. మందు సగం మోతాదులో పట్టిన గదిలో చావనిదే మరుసటి తరానికి తల్లి.

ఎలుకల మందుదీ ఇదే దారి. నెత్తురు గడ్డకట్టకుండా చేసి చంపే వార్ఫరిన్‌ను తట్టుకునే ఎలుకలు స్కాట్లాండ్‌లో 1958లోనే బయటపడ్డాయి. కారణమైన జన్యువు 2004లో దొరికింది. మందు పెట్టింది మనిషి కదా, ఇది ప్రకృతి వరణం ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. మనం తట్టుకునే ఎలుకల్ని ఎంచి పెంచలేదు. చంపాలని చూశాం, మిగిలినవి పిల్లల్ని కన్నాయి. అంతకు మించి ప్రకృతి వరణానికి ఏమీ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో వందేళ్లలో కొత్త దోమ పుట్టిందన్న కథ నెట్‌లో చాలాచోట్ల ఉంటుంది, దాన్ని మీ రిపోర్టులో పెట్టకండి. ఆ దోమ వంశం మధ్యధరా, మధ్యప్రాచ్య ప్రాంతాల్లో వెయ్యేళ్లకు పైగా ముందే విడివడిందని 2025లో జన్యువుల ఆధారంగా తేలింది. సొరంగంలోకి అది అప్పటికే మనిషికి అలవాటుపడి వచ్చింది.

ఇంకొకటి, పట్నపు జీవుల జన్యువుల్లో కనిపించే ప్రతి తేడా వరణం కాదు. రోడ్లు, ఇళ్లు చుట్టేసి నాలుగు జీవులు ఒక చోట చిక్కుకుపోతే, ఏ జన్యువులు మిగులుతాయన్నది చాలావరకు అదృష్టం మీద ఆధారపడుతుంది. న్యూయార్క్ పార్కుల్లోని తెల్లకాళ్ల ఎలుకల మీద జేసన్ మున్షీ-సౌత్ చేసిన పనిలో, జన్యువులు చూసి ఈ ఎలుక ఏ పార్కుదో చెప్పగలిగేంత తేడా కనిపించింది. అందులో ఎక్కువ భాగం విడిపోవడం వల్ల వచ్చిందే.

"జంతువులు పట్నానికి అలవాటుపడిపోతాయి, మనం కంగారు పడనక్కర్లేదు" అని ఎవరైనా ఈ పరిశోధనల్ని అడ్డం పెట్టుకుంటే నాకు బాధేస్తుంది. వరణం ఉన్న తేడాల్లోంచే ఎంచగలదు. అమెరికా తూర్పు తీరపు రేవుల్లో విషపు నీళ్లను తట్టుకున్న కిల్లిఫిష్ అనే చిన్న చేప లక్షలాదిగా ఉంటుంది, దాని జన్యువుల్లో ముందునుంచే విపరీతమైన వైవిధ్యం ఉంది, అందుకే నాలుగు రేవుల్లో విడివిడిగా నిలదొక్కుకుంది. మన శేషాచలం బంగారు బల్లి అలాంటిది కాదు. తూర్పు కనుమల్లో కొన్ని చోట్ల మాత్రమే, నీడ ఉన్న రాతి చీలికల్లో, తేమ పక్కన బతుకుతుంది. ఆ చీలిక పోతే, దీపం పడితే, అది గోడ బల్లిగా మారిపోతుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. పట్నం ఎదురైన జాతుల్లో ఎక్కువ శాతం మారవు, అక్కడి నుంచి పోతాయి. మనకు కనిపించేవి మిగిలినవే కాబట్టి అన్నీ సర్దుకున్నాయనిపిస్తుంది.

ఇక మీ ప్రాజెక్టు. కోతుల జోలికి, కొండ మీది తొండల జోలికి పోవద్దు. అడవిలో ఏది పట్టుకోవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి, అది వచ్చేసరికి మీ చదువు అయిపోతుంది. దోమలు పెంచడం మన ఊళ్లో పర్యవేక్షణ లేకుండా చేయదగ్గ పని కాదు. నా సలహా నిమ్మ సీతాకోకచిలుక. కరివేపాకు చెట్టు లేని ఇల్లు మనకు అరుదు, దాని లేత ఆకుల మీద లేత పసుపు గుండ్రటి గుడ్లు కనిపిస్తాయి. పిల్ల పురుగు మొదట పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక పచ్చబడుతుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి ఘాటైన వాసనతో కొమ్ముల్లాంటిది బయటకు తీస్తుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా నెల లోపే.

కాంక్రీటు వేడి ఎక్కువున్న నడిబొడ్డు వీధుల ఇళ్ల నుంచి కొన్ని గుడ్లు, చంద్రగిరి అవతల పల్లెల పెరళ్ల నుంచి కొన్ని గుడ్లు తెచ్చుకోండి. గూడూరు వైపు నిమ్మతోటల నుంచి తేవద్దు. అక్కడ మందు కొడతారు, అప్పుడు మీరు కొలిచేది పట్నం ప్రభావమా, పురుగుమందు ప్రభావమా తెలియదు. ఒక్కో ఇంటి నుంచి ఒకటి రెండు మించి తీసుకోకండి, లేకపోతే అన్నీ ఒకే తల్లి పిల్లలవుతాయి. అన్నిటికీ మందు తగలని ఒకే చెట్టు ఆకు వేయండి. ఒక్కో డబ్బాకు ఒక్కో పురుగు, మీద పలచటి గుడ్డ. డబ్బాల మీద ఊరి పేరు కాకుండా నంబరు మాత్రం రాసి, ఏ నంబరు ఎక్కడిదో మీ స్నేహితుడి దగ్గర ఉంచండి, కొలిచేది మీరు కాబట్టి చేయి తెలియకుండా ఒకవైపు మొగ్గకూడదు. సగం డబ్బాలు చల్లటి గదిలో, సగం మిద్దె మీది వేడి గదిలో పెట్టండి, రెండు ఊళ్లవీ రెండు చోట్లా ఉండాలి. రెండు గదుల్లోనూ ఉష్ణోగ్రత రోజూ రాయండి. ఎన్ని రోజులకు గూడు కట్టింది, గూటి బరువెంత, ఎన్ని చచ్చాయి అన్నవి చాలు. వేడి గదిలో పట్నపువి తక్కువ చస్తే, చల్ల గదిలో తేడా లేకపోతే, మీకు గట్టి ఆధారం దొరికినట్టు. తల్లి గుడ్డులో పెట్టిన పోషణ వల్ల కూడా కొంత తేడా రావొచ్చని రిపోర్టులో తప్పక రాయండి, అది తీసేయాలంటే రెండో తరం పెంచాలి, ఈ సీతాకోకచిలుకలు డబ్బాల్లో జతకట్టవు కాబట్టి పెద్ద వలగది కావాలి.

తేడా ఏమీ రాకపోయినా ఆ లెక్కలు అలాగే ఇవ్వండి. రెక్కలొచ్చినవాటిని ఏ ఊరివి ఆ ఊళ్లోనే వదిలిపెట్టండి. గుడ్లకు వానలు పడ్డాక, లేత చిగురు వచ్చే రోజుల్లో మొదలుపెడితే వెతుక్కునే పని తగ్గుతుంది.